‘మీ ఆయన రాలేదామ్మా?’ గారికి

మహారాజశ్రీ ‘మీ ఆయన రాలేదామ్మా?’ గారికి, దేవరకద్ర నుంచి జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే ఆడమనిషి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమేనని నిన్న మధ్యాహ్నం మహబూబ్‌నగర్‌లో కళ్లారా చూశాను. బ్యాంకులో ప్రింటర్ పనిచేయడం లేదు, సర్వర్ ఎప్పట్లాగే డౌన్. మీరు మాత్రం లోను సారు నోట్లో ఠంచనుగా డ్యూటీలో ఉన్నారు.

నేనడిగింది చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను, రెండు లక్షలు, రొట్టెల మిషన్ కోసం. 50 వేలు దాటితే 5 లక్షల దాకా ‘కిశోర్’ కింద ఇస్తారని, తాకట్టు అక్కర్లేదని మీ వెనక గోడ మీదే ఉంది. ఆధార్, పాన్, కొటేషన్, ఏడాదికి 100 రూపాయలు కట్టి తీసుకున్న ఫుడ్ రిజిస్ట్రేషన్, హైదరాబాద్ దుకాణాలకు పంపే కడక్ రొట్టెల లెక్కల పుస్తకం, అన్నీ పెట్టాను. ఫైలు తెరవకముందే మీరు నోరు తెరిచారు.

ఇది మూడోసారి. మొదటిసారి నవ్వి ఊరుకున్నా. రెండోసారి ‘ఆటో కిరాయికి పోయిండు సార్’ అని సంజాయిషీ చెప్పుకున్నా. నిన్న మీ ముచ్చట తీర్చాను. ఒక పూట కిరాయి పోగొట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పాపం.

కుర్చీ ఒక్కటే ఉంది. ఆయనకు వేశారు. నేను నిలబడ్డాను.

‘కిలో పిండికి ఎన్ని రొట్టెలొస్తాయండీ?’ అని సారు ఆయన్ని అడిగాడు. ఆయన నా వైపు చూశాడు. పదమూడు అన్నాను. ‘పదమూడు సార్’ అన్నాడు. సారు రాసుకున్నాడు. ‘ఏ జొన్న?’ మళ్లీ నా వైపు. పచ్చజొన్న అన్నాను. ‘పచ్చజొన్న సార్.’ అరగంట ఇదే కథ. నా మాట ఆయన నోట్లోంచి వస్తే తప్ప సారు చెవికి ఎక్కలేదు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఆ పిండిని వేణ్ణీళ్లతో కలపాలని కూడా ఆయనకు తెలియదు!

మార్చి 8న మాత్రం మీకు సెలవు. ఆ రోజు మమ్మల్ని స్టేజీ ఎక్కించి, ‘ఆత్మవిశ్వాసం ఉంటే మహిళ ఏదైనా సాధిస్తుంది’ అంటూ శాలువా కప్పుతారు. నా దగ్గర రెండున్నాయి. తాకట్టు పెట్టుకుంటారా? నా విశ్వాసానికేం కొదవ లేదు. ఏడేళ్లుగా తెల్లారి మూడింటికి లేచి పెనం పెడుతున్నా. విశ్వాసం లేనిది మీకు, నా మీద.

ఇక చాలు ఈ ‘గారు’లు. పొయ్యి నాది, చేతుల మీద బొబ్బలు నావి, రేపు కిస్తీ కట్టేదీ నేనే. ఆయన సంతకం ఎందుకు? మా వాడకట్టులో ఒక అక్క, భర్త పోయాక కుట్టుమిషన్ల షాపు పెడదామని నీ దగ్గరికొచ్చింది. నువ్వు అడగ్గానే ఫైలు మూసుకుని లేచిపోయింది. మళ్లీ రాలేదు. ఆమెకేం జవాబు చెప్తావు?

తిరుగు బస్సులో కండక్టరమ్మ నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టింది. పక్కనున్న మనిషి ఎవరని కూడా అడగలేదు. ఆయనకు నేనే డబ్బులిచ్చి టికెట్ కొన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, ‘ఇంతకీ పదమూడేనా, ఎక్కువ రావా?’ అన్నాడు. ‘పల్చగా ఒత్తితే పద్నాలుగు’ అన్నాను.

గురువారం మళ్లీ రమ్మన్నారు, ‘సార్‌ని తీసుకుని’. ఒక్కదాన్నే వస్తున్నా. ఆ కుర్చీలో కూర్చునే మాట్లాడతా.

ఇట్లు,
దరఖాస్తుదారు
(భర్త పేరు ఫైల్లోనే ఉంది, తెరిస్తే కనపడుతుంది)