మైక్ ఆన్‌లోనే ఉంది

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో స్టేజి ఇన్‌చార్జిగా నేను అరిచిన అరుపు వెనక వరస దాకా వినబడింది. రాని వాళ్లకి కూడా ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కాబట్టి దాచేదేం లేదు.

చిన్నపిల్లల డాన్సు మొదలవ్వాలి. సౌండ్ పోయింది. పిల్లలు స్టేజి మీద పోజులోనే నిలబడి ఉన్నారు, చేతులు అలాగే గాల్లో. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ప్రెసిడెంటుగారు నావైపే చూస్తున్నారు. తెర పక్కన వైర్లు సర్దుతున్న కుర్రాడి మీద, "ఒక్క పనీ చేతకాదా నీకు?" అని విరుచుకుపడ్డాను. వాడు సరిగ్గా అప్పుడే ప్లగ్గు పెట్టాడు. మైక్ నా చేతిలోనే ఉంది.

తర్వాత పలకరించిన పెద్దలంతా ఒకటే మాట: "మీకు కోపం ఎక్కువే గానీ మనసు వెన్నండీ." మనవాళ్ల ఈ మాట నాకెప్పుడూ ముద్దొచ్చేది. ఆ రోజు సిగ్గేసింది. వాడికి దక్కింది అరుపు, వెన్న కాదు.

"కక్కేయడమే మంచిదండీ, లోపల పెట్టుకుంటే బీపీ" అన్నారింకొకాయన. నేనూ చాలాకాలం అదే నమ్మాను. 2002లో బ్రాడ్ బుష్మన్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్లకి, ఊరికే కూర్చున్నవాళ్లకన్నా కోపం ఎక్కువే మిగిలింది. అలాగని మింగేస్తే పోతుందా? మొహం నవ్వుతున్నా గుండె దడ దడగానే ఉంటుంది.

ఊపిరి తీసుకున్నదానికన్నా నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, నిజమే. కానీ హాలంతా చూస్తుండగా, చేతిలో మైక్ పెట్టుకుని ఎవరికి గుర్తొస్తుంది? అందుకే కమిటీవారిని అడుగుతున్నాను, స్టేజి ఇన్‌చార్జికి తోడుగా ఇంకొకరిని పెట్టండి. "టెన్షన్‌గా ఉంది, రెండు నిమిషాలు నువ్వు చూడు" అని అతను తప్పుకుంటే చేతకానివాడని అనుకోకండి. మా వయసువాళ్లకి అరవడం కన్నా ఆ ఒక్క మాట అనడమే కష్టం.

కుర్రాడికి వాట్సాప్‌లో సారీ పెట్టాను. "ఇట్స్ ఓకే అంకుల్" అన్నాడు. కానీ అరిచింది మైకులో, సారీ చెప్పింది ఫోనులో. లెక్క సరిపోలేదు. జనరల్ బాడీ మీటింగులో ఒక్క నిమిషం మైక్ ఇమ్మని అడిగాను. అజెండాలో చోటు లేదంటున్నారు.