బిల్లుకు లెక్క ఉంది, చదువుకు లేదు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఇంట్లో చదువుకునే పిల్లల కోసం ఇస్తున్న సర్కారు సొమ్ముతో తల్లిదండ్రులు ఏం కొంటున్నారన్న రభస ఇప్పట్లో చల్లారేలా లేదు. లెగో సెట్లు కొన్నారని, పియానోలు కొన్నారని, స్కీయింగ్ పాసులు కొన్నారని పత్రికలు, టీవీలు ఏకరువు పెడుతున్నాయి. పియానో కూడా చదువులో భాగమేనని పథకాన్ని సమర్థించేవారు వాదిస్తున్నారు. నా అభ్యంతరం ఆ బిల్లుల మీద కాదు. ఒక్కో విద్యార్థి పేరున ఏటా సుమారు 7,000 డాలర్లు ఇస్తున్న రాష్ట్రం, ఏడాది తిరిగేసరికి ఆ బిడ్డకు చదవడం, లెక్కలు చేయడం వచ్చాయా అని ఒక్కసారైనా అడగడం లేదు. అసలు తప్పు అక్కడుంది.

ఈ పథకం పుట్టుపూర్వోత్తరాలు చాలామందికి తెలిసినవే. ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్ పేరుతో 2011లో వికలాంగ పిల్లల కోసం మొదలైంది. అందరికీ విస్తరిస్తామంటే 2018 రెఫరెండంలో దాదాపు 65 శాతం ఓటర్లు కుదరదన్నారు. ప్రజలు అంత స్పష్టంగా కాదన్న దాన్నే 2022లో శాసనసభ మళ్లీ తెచ్చింది, నాటి గవర్నర్ డగ్ డ్యూసీ సంతకం చేశారు. అంతకుముందు 12 వేల మంది లబ్ధిదారులుంటే ఆ సంఖ్య 80 వేలు దాటిపోయింది. ప్రైవేటు స్కూలు ఫీజు కట్టుకోవచ్చు, ట్యూషన్ పెట్టించుకోవచ్చు, ఇంట్లో చెప్పుకునేందుకు కరిక్యులమ్ కొనుక్కోవచ్చు.

ఇక్కడే చూడాల్సిన సంగతి ఉంది. డబ్బు తీసుకునే తల్లిదండ్రులు ఒప్పంద పత్రం మీద సంతకం పెడతారు. చదవడం, వ్యాకరణం, గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం నేర్పిస్తామన్నది అందులోని హామీ. ఆ హామీ నిలబెట్టుకున్నారో లేదో తెలుసుకునే పరీక్ష ఏదీ చట్టంలో లేదు. కొన్న ప్రతి వస్తువుకూ రసీదు కావాలి. 2024లో రాష్ట్ర అటార్నీ జనరల్ క్రిస్ మేయెస్ ఒక అడుగు ముందుకేసి, అనుబంధ సామగ్రి ఏది కొన్నా అది ఫలానా కరిక్యులమ్‌కు అవసరమని చూపించాలన్నారు. పెన్సిలుకూ రబ్బరుకూ కరిక్యులమ్ ఎక్కడినుంచి తేవాలంటూ ఇలాంటి పథకాలను సమర్థించే గోల్డ్‌వాటర్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అండతో తల్లులు కోర్టుకెక్కారు. అర్జీలు గుట్టలు పడటంతో అదే ఏడాది డిసెంబరులో విద్యాశాఖ 2,000 డాలర్ల లోపు బిల్లులను ముందు చెల్లించేసి తర్వాత తనిఖీ చేస్తామంది. కోర్టు, అటార్నీ జనరల్, విద్యాశాఖ అంతా కలిసి తలలు పట్టుకుని కూర్చున్నది పెన్సిలు కొనడం సబబా కాదా అన్న ప్రశ్న దగ్గర! ఆ పెన్సిలుతో పిల్ల ఏం రాసిందో చూసే బాధ్యత ఈ వ్యవస్థలో ఏ కుర్చీకీ లేదు.

అలా చూడకపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో బయటపడింది. విద్యాశాఖలో ఈ పథకం పనులు చూసిన ముగ్గురు మాజీ ఉద్యోగులు సహా ఐదుగురి మీద గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగాలు మోపింది. ఆరు లక్షల డాలర్లకు పైగా కాజేశారన్నది ఆరోపణ. వారు నమోదు చేసిన విద్యార్థుల్లో కొందరు అసలు ఈ భూమ్మీద లేనే లేరు. దొంగ సర్టిఫికెట్లతో పుట్టించిన పేర్లు! ఆ ఏడాది చివర్లో మరో ఇద్దరిపై కేసు పడింది. అందులోనూ లేని పిల్లలే.

మోసం ఎక్కడైనా జరుగుతుంది, మన సంక్షేమ పథకాల్లోనూ బోగస్ కార్డులున్నాయి కదా అనవచ్చు. కానీ ఈ మోసం తీరు వేరు. బడిలో ఒక పిల్లవాడి పేరు రాయించి డబ్బు తినాలంటే టీచరు, హెడ్‌మాస్టరు, హాజరు పట్టీ, పరీక్ష పేపరు ఇన్నింటినీ దాటాలి. ఇక్కడ దాటాల్సిన గడప ఒక్కటే, కాగితం. పిల్లవాడిని ఎవరూ చూడరు, పిల్లవాడితో ఎవరూ మాట్లాడరు. అలాంటప్పుడు ఉన్న పిల్లవాడికీ లేని పిల్లవాడికీ రికార్డుల్లో తేడా ఎలా తెలుస్తుంది? నిజంగా ఉండి, నిజంగా ఇంట్లో ఏమీ నేర్చుకోకుండా ఏళ్లు గడిపేస్తున్న బిడ్డ ఉంటే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? బోగస్ పేర్ల వల్ల పోయిన డాలర్లను కోర్టు ద్వారా రాబట్టవచ్చు. ఎనిమిదేళ్ల వయసులో చదవడం రాని పిల్ల పద్నాలుగేళ్లకూ అలాగే ఉండిపోతే ఆ ఆరేళ్లు ఏ కోర్టూ ఇప్పించలేదు.

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే, అంటే హోమ్‌స్కూలింగ్ చేసే తల్లిదండ్రుల వాదనను తేలిగ్గా తీసిపారేయలేను. బడిలో తోటి పిల్లల వేధింపులు భరించలేక ఇంటికి వచ్చేసినవారున్నారు. ఆటిజం ఉన్న బిడ్డకు 30 మంది ఉన్న తరగతిలో న్యాయం జరగక, ఉద్యోగం మానేసి కూర్చున్న తల్లులున్నారు. మేమూ పన్ను కడుతున్నాం, మా వాటా మాకు ఇవ్వండి అంటున్నారు. సర్కారు డబ్బు వెంట సర్కారు పెత్తనమూ వస్తుందని భయపడి అసలు ఈ సొమ్మే వద్దనే హోమ్‌స్కూలింగ్ కుటుంబాలూ ఉన్నాయి. ఈ రెండో వర్గం నిలకడ నాకు నచ్చుతుంది. సొంత డబ్బుతో చెప్పుకుంటామంటే అది వారి ఇష్టం. ప్రజల డబ్బు తీసుకున్నాక ఫలితం మాత్రం అడగొద్దంటే కుదరదు.

పరీక్ష పెడితే స్వేచ్ఛ పోతుందన్న మాటకు ఫ్లోరిడాయే సమాధానం. అక్కడ పాలించేది ఇలాంటి పథకాలను సమర్థించే రిపబ్లికన్లే. ఇంట్లో చదివే పిల్లలకు 2023లో పర్సనలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రాం కింద డబ్బు ఇవ్వడం మొదలుపెడుతూనే, ఏటా జాతీయ స్థాయి ప్రామాణిక పరీక్ష ఒకటి రాయించాలన్నారు. వెస్ట్ వర్జీనియాలో పరీక్ష వద్దనుకుంటే పిల్లవాడు ఏడాదంతా చేసిన పనిని అర్హత ఉన్న టీచరుకు చూపించాలి. అలాస్కాలో ఒక్కో విద్యార్థి అభ్యాస ప్రణాళిక వెనుక ఒక సర్టిఫైడ్ టీచరు ఉంటారు. ఆ రాష్ట్రాల్లో హోమ్‌స్కూలింగ్ ఏమీ మూతపడలేదు.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లోనూ, టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోనూ తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడుల (స్కూల్ డిస్ట్రిక్ట్) రేటింగ్ చూశాకే ఇల్లు కొన్నవారు వారు. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ 2025 మేలో సంతకం చేసిన చట్టంతో 100 కోట్ల డాలర్ల పథకం అక్కడికీ వచ్చింది. ఇంట్లో చదివే విద్యార్థికి ఏటా 2,000 డాలర్ల వరకు ఇస్తారు. టెక్సస్‌లో హోమ్‌స్కూలింగ్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక సబ్జెక్టులు చెబితే చాలు. అంత వెసులుబాటు ఉన్నచోటికి ప్రజాధనం వచ్చి చేరుతోంది.

ఇక మన సంగతి. చదువు చెప్పే బాధ్యతను ప్రభుత్వాలు డబ్బు పంచే బాధ్యతగా మార్చుకోవడం తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరో పేద పిల్లల్ని ఇంజినీర్లను చేసింది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. అదే పథకం ఉమ్మడి రాష్ట్రంలో ల్యాబుల్లేని, అధ్యాపకుల్లేని ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేవడానికీ దారి వేసింది. సీటు నిండితే చాలు, సొమ్ము వస్తుంది. నాలుగేళ్లలో కుర్రాడు ఏం నేర్చుకున్నాడన్నది బిల్లులో లేని గడి. 2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం అయింది. ప్రభుత్వం మారినా, పేరు మారినా నిబంధన మాత్రం హాజరు దగ్గరే ఆగింది. 75 శాతం రోజులు బడికి వెళితే తల్లి ఖాతాలో డబ్బు పడుతుంది. దేశంలోని గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి రెండో తరగతి పాఠం సాఫీగా చదవడం రాదని ‘ప్రథమ్’ సంస్థ వారి అసర్ సర్వేలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాయి. మనవాళ్లు కనీసం పిల్లవాడు బడికి వచ్చాడో లేదో అడుగుతున్నారు. అరిజోనా అదీ అడగదు.

అరిజోనా శాసనసభ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల వయసు వచ్చేసరికి చదవడంలో, గణితంలో ఒక పరీక్ష. ఖర్చు ఆ 7,000 డాలర్లలోంచే తీసుకోవచ్చు. వైకల్యం ఉన్న పిల్లలకు పరీక్ష బదులు టీచరు పరిశీలన. మార్కులు తక్కువ వచ్చాయని వెంటనే డబ్బు ఆపొద్దు. ముందు ట్యూటర్‌ను పంపాలి, మరుసటి ఏడాదీ మార్పు లేకపోతేనే ఖాతా నిలపాలి. పరీక్ష ఆన్‌లైన్‌లో వద్దు, దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలలో పెట్టాలి. ఆ రోజు తల్లిదండ్రులు కాదు, పిల్లలే స్వయంగా వచ్చి బెంచీ మీద కూర్చుని రాయాలి.