ఒంటి బలమా, తొర్ర చలవా?

2013 జనవరి 12. ఆస్ట్రేలియాలో జనవరి అంటే నడి వేసవి. న్యూ సౌత్ వేల్స్ వాయవ్య మూలన స్టర్ట్ నేషనల్ పార్కులో ఆ రోజు ఎండ 48 డిగ్రీలు దాటింది. అక్కడ చెట్లలో తలదాచుకున్న మూడు చిన్న గబ్బిలాల వీపుల మీద పరిశోధకులు బుల్లి రేడియోలు అతికించి, మూడు రోజుల పాటు వాటి చర్మం ఎంత వేడెక్కుతోందో చూశారు. 48 దాటిన రోజు ఒక గబ్బిలం పట్టపగలే తన చోటు వదిలి వెళ్లిపోయింది. మిగతా రెండూ కదల్లేదు. వాటిలో ఒకదాని చర్మం 45.8 డిగ్రీలు తాకింది. ఆ ఎండ నుంచి వాటిని కాపాడింది ఒళ్లా, ఇల్లా? అక్కాతమ్ముళ్లకు దీని మీదే వాదన.

తమ్ముడు: ఒళ్లే అక్కా, సందేహమే లేదు. రెంటచింతలలో 45 అంటే మనం తలుపులు బిగించుకుని కూర్చుంటాం. మన ఒంట్లో వేడి 42కి వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. పట్టుమని పది గ్రాములు తూగని ప్రాణి 45.8 దాకా ఓర్చుకుంది!

అక్క: ఓర్చుకుంది, కాదనను. ఎక్కడ కూర్చుని ఓర్చుకుందో అది కూడా చెప్పు.

తమ్ముడు: ముందు నీళ్ల లెక్క విను. మట్టికుండ ఎలా చల్లబడుతుంది? చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. మన చెమట పనీ అదే. కుండలో బిందెడు నీళ్లు పడతాయి కాబట్టి దానికి చెల్లింది. ఇంతంటే ఇంత ఒంట్లో ఎన్ని చుక్కలుంటాయి? 37 దగ్గరే ఆగాలని పంతం పడితే పొద్దుగూకేలోపు ఒళ్లు ఎండిపోతుంది. అందుకే ఆ గబ్బిలం పంతం పట్టదు. బయట వేడి పెరిగితే ఒంటినీ దాంతోపాటే పెరగనిస్తుంది. గాలికీ ఒంటికీ తేడా తగ్గేకొద్దీ లోపలికి దూరే వేడి తగ్గుతుంది, నీళ్లు మిగులుతాయి. ఒంటె చేసేదీ ఇదే.

అక్క: ఒంటెతో పోల్చకు. అది నాలుగైదు వందల కిలోల జంతువు. గంగాళంలో నీళ్లు కాగినట్టు పొద్దుటి నుంచి మెల్లగా వేడెక్కుతుంది. ఆ వేడిని ఒంట్లోనే దాచుకుని రాత్రి చల్లగాలిలో వదిలేస్తుంది. గబ్బిలం ఒళ్లు టీ చెంచాడు నీళ్ల లాంటిది. ఎండ తగిలితే నిమిషాల్లో కాగిపోతుంది, వేడిని దాచడానికి అందులో చోటేదీ? దాని బదులు ఆ పని చేసేది చెట్టు మాను. లావు మాను రాత్రి చల్లదనాన్ని అంత తొందరగా వదలదు. పల్చటి కొమ్మలో చీలిక అయితే బయట వేడీ లోపలి వేడీ ఒకటే. చోటు వదిలి వెళ్లిన గబ్బిలం సంగతి చూడు. దాని చర్మం 44.3 మించలేదు. 45.8 చూసింది మాత్రం నిలిచింది. ఒళ్లే అన్నీ అయితే ముందు పారిపోవాల్సింది ఎవరు? వెళ్లిపోయినదాని ఇంటికి వేడిని ఆపే శక్తి తక్కువ, మిగతా రెండింటి ఇళ్లు దానికన్నా మేలు. పరిశోధకులే ఆ మాట రాశారు.

తమ్ముడు: అవి వేరు వేరు జాతులు అక్కా! వెళ్లినది వెడల్పు ముక్కు గబ్బిలం, నిలిచినవి తోక బయటికి పొడుచుకొచ్చే రకం. తేడా ఒంట్లోనే ఉందేమో. పైగా మొత్తం మూడు గబ్బిలాలు, మూడు రోజులు. అంతమాత్రాన తీర్పు చెప్పేస్తావా?

అక్క: అది న్యాయమైన మాటే. మూడింటితో తీర్పు ఇవ్వను. వేలల్లో చూద్దాం, అవి చిన్నవీ కావు, ఎడారివీ కావు. 2002 జనవరి 12న అదే రాష్ట్రంలో ఎండ 42 దాటింది. తొమ్మిది గుంపుల్లో కలిపి 3,500కు పైగా పెద్ద గబ్బిలాలు చచ్చిపోయాయి. పండ్లు తిని బతికే జాతులు, పగలంతా కొమ్మలకు వేలాడతాయి. ముందు రెక్కలతో విసురుకున్నాయి, తర్వాత నీడ వెతికాయి, ఆ తర్వాత రొప్పాయి, చివరికి ఒళ్లంతా ఉమ్మితో తడుపుకున్నాయి. ఒంటితో చేయగలిగినవన్నీ చేసి చచ్చిపోయాయిరా. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోనే కెయిర్న్స్ ప్రాంతంలో రెండే రోజుల్లో దాదాపు 23,000 పోయాయి. తలదాచుకోవడానికి వాటికి తొర్ర లేదు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

తమ్ముడు: అవి అంత ఎండకు అలవాటు పడ్డవి కావు. ఎడారిలో పుట్టినవాటి తట్టుకునే శక్తి వేరు అనేదే కదా నా వాదన.

అక్క: ఆ శక్తికీ ఒక హద్దుందిగా. 45.8 అంటే ఆ హద్దు అంచున నిలబడటం. ఆ మూడు గబ్బిలాలను చూసిన 2013 జనవరి 12నే పక్క రాష్ట్రంలోని మూంబా అనే ఊళ్లో 49.6 నమోదైంది. అంత ఎండలో ఒళ్లు బయటి వేడితో పాటే పెరుగుతూ పోతే ఎక్కడ ఆగుతుంది? పిల్లలకు పాలిచ్చే తల్లుల సంగతి ఇంకా కష్టం. అమెరికాలోని కొలరాడోలో ఒక జాతిని గమనించారు. పాలిచ్చే ఆడ గబ్బిలాలు మిగతా ఆడవాటికన్నా 13 రెట్లు ఎక్కువసార్లు నీళ్లకు వచ్చాయి. ఎగురుతూనే నీటి దగ్గరికి దిగి నాలుకతో అందుకుని పోతాయి, అందుకే వాటికి అడ్డు లేని మడుగు కావాలి. ఆ మడుగు ఎండిపోతే నువ్వు చెప్పిన పొదుపు ఆ తల్లికి ఏం సరిపోతుంది?

తమ్ముడు: తల్లుల విషయంలో ఎదురు చెప్పను. అయితే ఏం చేయాలంటావు?

అక్క: ఎండిపోయిందని చెట్టు కొట్టకుండా ఉండాలి. ఆస్ట్రేలియాలో వడ్రంగిపిట్టలు లేవు, మానుకు రంధ్రం పొడిచేవాళ్లే లేరు. చెదలు తినాలి, బూజు పట్టాలి, కొమ్మ విరగాలి, అప్పుడు తొర్ర. యూకలిప్టస్‌కు మంచి తొర్ర పడాలంటే వందేళ్లు పైనే పడుతుంది. కట్టెలకని కొట్టడానికి ఒక పూట చాలు.

తమ్ముడు: కొట్టకూడదు, అందులో నీతోనే ఉన్నాను. కానీ ఒంటిని మాత్రం తక్కువ చేయనివ్వను. నడి వేసవిలో కూడా ఆ గబ్బిలాలు తెల్లవారుజామున ఒళ్లు చల్లబరుచుకుని మగతలోకి జారిపోతాయి. శాస్త్రజ్ఞులు దాన్ని టార్పర్ అంటారు. ఆ కాసేపు తిండి ఖర్చు బాగా తగ్గుతుంది, నీళ్ల ఖర్చూ తగ్గుతుంది. పొద్దెక్కాక ఎండకు మాను వేడెక్కితే దాంతోపాటే ఒళ్లూ వేడెక్కి లేస్తాయి. లేవడానికి కూడా సొంత శక్తి పెద్దగా పెట్టవు. ఇదంతా ఒళ్లు చేసే పని కాదా?

అక్క: ఒళ్లు చేసేదే. మాను వేడెక్కితే అన్నావు చూడు, నేను పొద్దుటి నుంచీ చెబుతున్నది ఆ మాను గురించే.