సవరణ: ఎయిర్‌బ్యాగ్ సిలిండర్‌కి సైకిల్ పంపు చాలదు

మంచుచరియల ఎయిర్‌బ్యాగ్ (మంచుచరియలో చిక్కుకుంటే ఉబ్బి మనిషిని పైకి తేల్చే వీపుసంచి) సిలిండర్‌ని ఇంట్లోనే ఏ చేతిపంపుతోనైనా నింపుకోవచ్చని మొన్న రాశాను. తప్పు. సైకిల్ పంపుతో 150 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటించడానికే ఆయాసం వస్తుంది, బీసీఏ కంపెనీ ఫ్లోట్ ఎయిర్‌బ్యాగ్ సిలిండర్‌కేమో 2,700 పీఎస్‌ఐ కావాలి. నేను వాడింది ఎయిర్‌గన్‌లకి వాడే హైప్రెషర్ పంపు. అది కూడా కాసేపు కొట్టేసరికి ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, ఆపి చల్లారనివ్వాలి. తేమ పీల్చే ఫిల్టర్ సంగతి అసలు రాయనేలేదు. తడిగాలి లోపలికి పోతే చలికి వాల్వ్ దగ్గర గడ్డకట్టొచ్చు. ఇంత తతంగం ఎందుకనుకుంటే స్కూబా డైవింగ్ షాపులో నింపించుకోండి.

ఇంకొకటి: చలిలో సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు దిగితే లీకే అన్నాను. కాదు. 20 డిగ్రీల దగ్గర 2,700 ఉన్నది మైనస్ 10లో దాదాపు 2,400కి దానంతటదే పడుతుంది. ఒక్కసారికే పనికొచ్చే సీల్డ్ సిలిండర్లని మళ్లీ నింపే జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి.