సవరణ: ప్రసవానంతర డౌలా పని పరిధి గురించి

ప్రసవం తర్వాత ఇంటికి వచ్చి తోడుండే సహాయకురాళ్లైన డౌలాల గురించి నేను ఇంతకుముందు రాసినదానిలో రెండు పొరపాట్లు దొర్లాయి. డౌలా రోజూ వస్తూంటే వైద్య పరీక్షలకు వెళ్లవలసిన అవసరం తగ్గుతుందని రాశాను; అది తప్పు. తల్లికి విశ్రాంతి దొరికేలా చూడడం, పాలిచ్చేటప్పుడు బిడ్డను పట్టుకునే తీరు చూపడం, తండ్రికి ధైర్యం చెప్పడం, ఇంటిపనిలో చేయి వేయడం వరకే ఆమె బాధ్యత గాని, కుట్లు పరీక్షించడం, మందులు సూచించడం, జబ్బును నిర్ధారించడం ఆమె పని కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం, తొలి 24 గంటల సంరక్షణ తర్వాత ఆరు వారాల్లో కనీసం మూడుసార్లు తల్లినీ బిడ్డనూ ఆరోగ్య సిబ్బంది చూడాలి. డౌలా ఉన్నా లేకున్నా ఆ లెక్క మారదు.

రెండవ పొరపాటు ఇంకా పెద్దది. బాలింతకు వచ్చే దిగులు దానంతటదే పోతుందని, మంచి డౌలా పక్కనుంటే చాలని ఒక్క వాక్యంలో తేల్చేశాను. మొదటి రోజుల్లోని కన్నీళ్లు, చిరాకు సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటాయన్నది నిజమే. కాని అంతకు మించి కొనసాగే నిరాశ, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వైద్యం అవసరమైన కుంగుబాటుకు సూచనలు కావచ్చు (ఇది తండ్రులకూ వస్తుంది, ఆ మాట కూడా అప్పుడు రాయలేదు). తనకు గాని బిడ్డకు గాని హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగి చూడకూడదు. అలాగే గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసే రక్తస్రావం, 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన జ్వరం, చూపు మసకబారే తీవ్రమైన తలనొప్పి కనిపించినప్పుడు డౌలా కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.