లేనివారికి కప్పిన శాలువాలు

పని చేయించుకుని డబ్బులివ్వకపోతే ఎగ్గొట్టాడంటారు. పని చేయించుకుని శాలువా కప్పితే మాత్రం పెద్దమనిషి అంటారు. ఈ మధ్య ఒక మున్సిపాలిటీలో స్వచ్ఛంద సేవకుల సన్మాన సభ ఫొటో చూశాను. శాలువా కప్పుతున్న నాయకుడు నిండుగా, నవ్వుతూ, మన వైపే చూస్తున్నాడు. కప్పించుకుంటున్న మనిషి ఫొటోలో ఎడమ చెవి వరకే పడ్డాడు. ఆ చెవి ఎవరిదో కింద రాయలేదు.

ఇలాంటి చెవులను లక్షల్లో సన్మానించిన ఘనత ఆంధ్రప్రదేశ్‌కే దక్కుతుంది. 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. సుమారు 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. పింఛన్లు, రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు, సర్వేలు, చివరికి వీధిలైటు వెలగకపోయినా వాళ్ళకే ఫోను. 2021 ఫిబ్రవరిలో ఈ డబ్బుతో బతకలేకపోతున్నాం, పెంచండని కొందరు రోడ్డెక్కారు. అప్పటి ముఖ్యమంత్రి వాళ్ళకు ఉత్తరం రాశారు. మీరు చేసేది ఉద్యోగం కాదు, సేవ అని అందులోని సారాంశం. సేవకు తగ్గ సత్కారం ఉగాదికి ఉంటుందన్నారు. ఆకలేస్తోందన్నవాడికి హారతిచ్చినట్టు.

ఇచ్చారు కూడా. సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర. వరసగా 10, 20, 30 వేలు. వజ్రాలూ రత్నాలూ కొద్దిమందికే, మిగతావాళ్ళంతా మిత్రులు. ఆ పదివేలనూ ఏడాదికి పంచితే నెలకు 833 రూపాయల 33 పైసలు. శాలువా అదనం. ఏప్రిల్ ఎండలో, రేకుల షెడ్డులాంటి టెంటు కింద, మెడ చుట్టూ ఆ నైలాను శాలువా కప్పించుకుని మంత్రిగారి ప్రసంగం అయ్యేదాకా నిలబడటం కూడా సేవలో భాగమే కాబట్టి దానికి విడిగా లెక్క కట్టలేదు. 2022లో అయితే పేపరు కొనుక్కోమని నెలకు 200 ఇచ్చారు. ఏ పేపరో జీవోలో రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

ఇంతవరకూ మామూలు కథే. అసలు వైభవం తర్వాత ఉంది.

2024లో ప్రభుత్వం మారింది. ఎన్నికల ముందు నెలకు పదివేలిస్తామని మాటిచ్చినవాళ్ళే గెలిచారు. పదివేలేవని అడిగితే నవంబరులో శాసనమండలిలో మంత్రిగారు ఫైలు తెరిచి చూపించారు. 2023 ఆగస్టు తర్వాత ఆ వ్యవస్థను రెన్యువల్ చెయ్యనే లేదట. అంటే వాలంటీర్లు లేరు. లేనివాళ్ళకు ఎంత పెంచుతారు?

ఈ తర్కం ముందు నేను సాష్టాంగపడ్డాను. పడి, 2024 ఫిబ్రవరిలో ఫిరంగిపురంలో జరిగిన సన్మానాన్ని గుర్తు చేసుకున్నాను. అవార్డులను 15, 30, 45 వేలకు పెంచి మరీ ఇచ్చిన సభ అది. చట్టప్రకారం చూస్తే ఆ వేదిక మీద ఎవరూ లేరు. యాంకర్ గంభీరంగా పేరు పిలుస్తుంది. ఎవరూ రారు. నాయకుడు శాలువా విప్పి గాలికి కప్పుతాడు. గాలి వినయంగా వంగుతుంది. 'సార్, ఇంకోసారి కప్పండి, ఫ్లాష్ పడలేదు' అంటాడు ఫొటోగ్రాఫర్. నాయకుడు కప్పిన శాలువా తీసి మళ్ళీ కప్పుతాడు. పక్కనున్న ఎమ్మెల్యే తన చెయ్యి కూడా ఫ్రేములో పడాలని శాలువా కొసను పట్టుకుంటాడు. ఆయన వెనక కార్పొరేటరు, కార్పొరేటరు వెనక కార్పొరేటరు బావమరిది. ఒక్క శాలువాకు ఎనిమిది చేతులు, లోపల సున్నా మనుషులు. తర్వాత గాలికే మెడల్, గాలికే బ్యాడ్జి, గాలితోనే సెల్ఫీ. అంతటా చప్పట్లు.

రెన్యువల్ ఆగాక గడిచిన ఆ ఏడు నెలలూ ఒకటో తారీఖున తెల్లారకముందే తలుపు కొట్టి 'అవ్వా, పింఛను' అన్నది కూడా గాలే అనుకోవాలి. వేలిముద్ర పడక, చెయ్యి తుడిచి, మళ్ళీ పెట్టించి, అప్పటికీ పడకపోతే కంటిపాపను స్కాన్ చేసిందీ గాలే. దెయ్యాలు ఇంత ఓపికగా ఉంటాయని ఏ భూతవైద్యుడూ చెప్పలేదు.

వాళ్ళలో పార్టీ జెండా మోసినవాళ్ళు లేరని నేననను. మోశారు, మోయించారు. అందుకే ఎన్నికల సంఘం 2024 మార్చిలో డబ్బు పంపిణీ నుంచి వాళ్ళను తప్పించింది. ఆ తర్వాత వేలమంది రాజీనామాలు చేశారు. నాయకులు బలవంతంగా చేయించారని మళ్ళీ వాళ్ళలోనే కొందరు పోలీసులకు ఫిర్యాదులిచ్చారు. వాడుకున్నవాళ్ళు ఒకరు, ఊరించినవాళ్ళు ఇంకొకరు. కోవిడ్ రోజుల్లో మనం పాల ప్యాకెట్‌ను కూడా సబ్బుతో కడిగి లోపలికి తెచ్చుకుంటుంటే, గుమ్మం బయట నిలబడి 'ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అండీ' అని అడిగింది ఈ పిల్లలే. డిగ్రీలు చదివినవాళ్ళు. ఇంటికి వెళ్తే తమ అమ్మానాన్నలకు అంటుతుందేమోనని భయపడుతూనే మన గుమ్మాలెక్కారు. వాళ్ళకు రోజుకు 170 రూపాయలు కూడా గిట్టలేదు. సేవకు వెల కట్టకూడదని వాళ్ళకు నీతి చెప్పిన సభలో ఒక్కరైనా తమ జీతం, తమ పింఛను వదులుకున్నారా? అక్కడున్నవాళ్ళంతా ప్రజాసేవకులేగా! కప్పండి, వాళ్ళకీ తలా ఒక శాలువా కప్పి పంపండి, నెలాఖరుకు ఇంట్లో బియ్యం ఎలా వస్తాయో చూద్దాం. సిగ్గుండాలి.

క్షమించాలి, విషయానికి వస్తాను. లేనివాళ్ళకు ప్రభుత్వ సొమ్ముతో అవార్డులిచ్చారు కాబట్టి ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం చెప్పక తప్పదు. శాలువాలు, మెడల్స్, బ్యాడ్జీలతో సహా అన్నీ రికవరీ చెయ్యాలి. శాలువాలు చాలా ఇళ్ళలో ఫ్రిజ్ మీదో, కుట్టుమిషన్ మీదో ఉంటాయి, దొరుకుతాయి. చిక్కల్లా నోటీసులు పంచడం దగ్గరే వస్తుంది. ఎవరి ఇల్లు ఏ సందులో ఉందో, ఏ వేళకు ఎవరు ఇంట్లో ఉంటారో తెలిసినవాళ్ళను చూసి ఆ పని అప్పగించాలి. ఎలాగూ స్వచ్ఛందంగానే చేస్తారు.