కోచ్ కుదురుకోనిదే జట్టు కుదురుకోదు

జాతీయ ఫుట్‌బాల్ జట్టును ప్రకటించిన రోజు మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్‌లో పిల్లలంతా ఆటగాళ్ల పేర్ల మీదే పడతారు. ఫలానా వాణ్ని ఎందుకు తీసుకున్నారు, ఫలానా వాణ్ని ఎందుకు వదిలేశారు అని చీకటి పడేదాకా వాదులాట. కోచ్ పేరు దగ్గర ఎవరి చూపూ ఆగదు. నేను మాత్రం ముందు ఆ పేరే వెతుకుతాను. నిరుడు కూడా ఆయనే ఉన్నాడా, లేదా?

మన మహిళల జట్టునే చూడండి. 2024 మొదలు నుంచి 2025 మొదటి నెలల్లోపు చావోబా దేవి, సంతోష్ కశ్యప్, స్వీడన్ నుంచి వచ్చిన జోకిమ్ అలెగ్జాండర్సన్, క్రిస్పిన్ ఛెత్రి. ఏడాది పైచిలుకు కాలంలో నలుగురు కోచ్‌లు! ఒకరు బంతిని వెనక నుంచి చిన్న చిన్న పాస్‌లతో తెమ్మంటే, తర్వాతి వారు పొడుగ్గా కొట్టమనవచ్చు. అలవాటైన చోటు నుంచి పక్కకు జరిగి ఆడమనవచ్చు. ఆ మార్పుల భారమంతా మోయాల్సింది ఆడపిల్లలే.

అయినా వాళ్లు 2025 జులై 5న చియాంగ్‌మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండుసార్లు ప్రపంచకప్ ఆడిన జట్టును దాని సొంతగడ్డ మీదే ఓడించారు. రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వే. ఆ అర్హత పోటీలకు ఎంపికైన గుగులోత్ సౌమ్యది నిజామాబాద్ జిల్లా; మేం రైలెక్కి బాసర దాటితే వచ్చే ఊళ్లే అవి. కోచ్‌లు మారినా గెలిచారు కదా అనేవాళ్లున్నారు. ఆ గెలుపు అమ్మాయిల ఓర్పుది, దొరికిన కొద్ది నెలల్లో వాళ్లను ఒక్కటి చేసిన ఛెత్రిది. దాన్ని చూపి మార్పులను సమర్థించడం అన్యాయం.

ఒకే కోచ్ ఏళ్ల తరబడి ఉంటే ఏమవుతుందో మా పెద్దలు చూశారు. బడి పంతులుగా పనిచేసిన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టును తీర్చిదిద్దారు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం చీలి మా నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలోకి పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఒక గోల్ జర్నయిల్‌దే. ఆటగాడి కాలూ మనసూ ఏళ్లుగా ఎరిగినవాడే అంత తెగింపు చేయగలడు. మొన్న వచ్చినవాడి వల్ల అవుతుందా?

ఇది మా ఊరి మైదానంలోనూ కళ్లారా చూశాను. ఇసుక నింపిన మిర్చి గోనెలే గోల్ పోస్టులు. ఒక పీటీ సారు వచ్చి ఆడపిల్లలతో జట్టు కట్టాడు. బంతి పోగానే ‘మాగే యా’ (వెనక్కి రండి) అని మరాఠీలో కేకేసేవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆ మాట పిల్లలకు మొదటి రోజే అర్థమైంది. కాళ్లకు అర్థం కావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత సారు కేకేసేలోపే వెనక వరుసలో పిల్ల ‘వెనక్కి రాండే, ఇటు జరుగు’ అని అరిచేది. జట్టు కుదరడం అంటే నాకు అప్పుడు తెలిసింది. ఏడాది తిరక్కుండానే సారుకు బదిలీ అయింది. పద్నాలుగు మందిలో ఇప్పుడు సాయంత్రం పూట వచ్చేది ముగ్గురే.

పనికిరాని కోచ్‌ను కూడా భరించాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. కానీ ఆ తీర్పు రెండు మూడు మ్యాచ్‌ల స్కోరు చూసి ఇవ్వకూడదు. మహిళల జట్టు కోచ్‌కు కనీసం నాలుగేళ్ల ఒప్పందం ఇవ్వాలి. అండర్-17, అండర్-20 జట్ల కోచ్‌లు కూడా అదే పద్ధతి నేర్పేలా ఆయన కిందే పనిచేయాలి. ఒక టోర్నీలో ఓడినా ఆ ఒప్పందం నిలబడాలి.